చిన్న రివాల్వర్ నుంచి పెద్ద ఫ్రేమ్‌కి: మూడు నెలల నా అనుభవం

చెయ్యి నొప్పితో మొదలైంది ఇదంతా. 2025 జనవరి 18, శనివారం. డాలస్ శివార్లలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, నా చిన్న రివాల్వర్‌తో ఒక పెట్టె, అంటే 50 తూటాలు, కాల్చి వచ్చాను. రాత్రి చపాతీ తుంచబోతే బొటనవేలి మొదట్లో కండ పట్టేసి ముక్క ఊడి రాలేదు. మా ఆవిడ చూసి "డబ్బులిచ్చి మరీ దెబ్బలు తిని వచ్చారన్నమాట" అంది. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ చిన్నది 2023లో కొన్నాను, గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన ఆర్నెల్లకి, ఆఫీసులో ఒకాయన మాట విని. మొదటి తుపాకీ కదా, చిన్నది, తేలికైనది తీసుకో అన్నాడు. ఐదు తూటాలు పట్టేది, అల్యూమినియం మిశ్రమంతో చేసిన బాడీ, ఖాళీగా ఉంటే 420 గ్రాములు. నీళ్ళు నింపిన మా పాప బాటిల్ అంతకన్నా బరువుంటుంది. చిన్న తుపాకీ కాబట్టి చిన్న దెబ్బే అనుకున్నాను. అది తప్పని ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది. తూటా అదే, అందులో మందూ అంతే, దాన్ని ఆపుకునే బరువే లేదు. తెప్ప మీద నుంచి ఒడ్డుకి దూకితే తెప్ప ఎంత వెనక్కి పోతుందో, పెద్ద పడవ మీద నుంచి దూకితే ఎంత పోతుందో చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. నేను మున్నేటి ఒడ్డున పెరిగినవాణ్ణి, అన్నీ చూసినవాణ్ణే, అయినా తట్టలేదు.

సరే, ఈసారి ఎవరో చెప్పారని కొనకూడదు, నా చేత్తో కాల్చి చూశాకే కొనాలి అనుకున్నాను. అది అనుకున్నంత తేలిక కాలేదు.

ఫిబ్రవరి 1న ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర గంట క్లాసు తీసుకున్నాను, 75 డాలర్లు. డెబ్బైకి దగ్గర పడ్డ పెద్దావిడ, మనిషి పీలగా ఉంటుంది, మణికట్టు నా మణికట్టులో సగం ఉంటుందేమో. పాఠం ఏమీ చెప్పలేదు. నా రివాల్వర్ తీసుకుని, వెనక్కి తిరిగి నాకు కనపడకుండా లోడ్ చేసి ఇచ్చింది. రెండు కాల్చాను. మూడోసారి ట్రిగ్గర్ లాగితే టిక్కుమని చప్పుడు మాత్రమే వచ్చింది, సిలిండర్‌లో, అంటే తూటాలుండే గుండ్రటి భాగంలో, ఆ గదిలో ఉన్నది పేలని డమ్మీ తూటా. కానీ నా చేతిలో తుపాకీ మూతి రెండంగుళాలు కిందికి దిగింది, భుజాలు ముడుచుకుపోయాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పేలని తుపాకీకి! ఆవిడ నవ్వలేదు, అదొక్కటే ఆ రోజు నాకు దక్కిన మర్యాద. రెండేళ్ళుగా గురి కుదరడం లేదు, కుదరడం లేదు అని బాధపడుతున్నానే, గురి కాదు సమస్య, రాబోయే దెబ్బకి భయపడి నేనే తుపాకీని కిందికి తోస్తున్నాను.

తర్వాత ఇంకొకటి చూపించింది, ఇది రివాల్వర్ పట్టుకునేవాళ్ళందరూ చూసి తీరాలి. సిలిండర్‌కీ బ్యారెల్ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, దాని పక్కన ఒక కాగితం నిలబెట్టి, తను కాస్త ఎడంగా నిలబడి ఒక తూటా కాల్చింది. ఆ సందులోంచి తన్నుకొచ్చిన వేడి గాలికి కాగితం అంచు కాలి, కత్తితో కోసినట్టు చీలింది. "ఇప్పుడు నీ ఎడమ బొటనవేలు ఎక్కడ పెడుతున్నావో చూసుకో" అంది. పిస్టల్ పట్టుకునే అలవాటున్నవాళ్ళు రెండు బొటనవేళ్ళూ ముందుకి చాపుతారు, నేనూ అలాగే పెడుతున్నాను. చిన్న తుపాకీలో ఆ సందు ఎలాగూ వేలికి దగ్గర. ఒళ్ళు జలదరించింది. ఆ రోజు నుంచి ఎడమ బొటనవేలు కుడి బొటనవేలి మీద మడిచి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

వెళ్ళేముందు "నీకు తక్కువైంది ధైర్యం కాదు, ఇంకో అరకిలో ఇనుము" అని, ఏవి కాల్చి చూడాలో చీటీ మీద రాసిచ్చింది. స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకీ కంపెనీ వాళ్ళు ఫ్రేమ్, అంటే తుపాకీ బాడీ, సైజులకి అక్షరాలు పెట్టుకున్నారు: జె చిన్నది, కె మధ్యది, ఎల్ దానికన్నా కాస్త బలమైనది, ఎన్ బాగా పెద్దది. కె ఫ్రేమ్‌లో .357 మ్యాగ్నమ్ అనే బలమైన తూటా అదేపనిగా కాల్చేవాళ్ళ కోసం 1980ల మొదట్లో ఎల్ తెచ్చారు. ముందు భాగం బలంగా చేసినా పిడి కొలత మాత్రం కె దే ఉంచారు, అంటే బరువు పెరిగింది కానీ పట్టుకునే చోటు పెరగలేదు. మన చేతుల్లాంటి మధ్యరకం చేతులకి ఈ ఒక్క విషయం చాలా ముఖ్యం, నాకు తర్వాత అర్థమైంది. చీటీలో నాలుగు పేర్లున్నాయి: స్మిత్ 686, రూగర్ జీపీ100, కోల్ట్ పైథాన్, కింద చిన్న అక్షరాలతో "సరదాకి ఒక ఎన్ ఫ్రేమ్".

ఫిబ్రవరి 8, శనివారం. ఇంకో రేంజ్‌లో ఇవన్నీ అద్దెకి దొరుకుతాయని తెలిసి ఉత్సాహంగా వెళ్ళాను. అద్దెవి కాల్చడానికే కదా అని నాది ఇంట్లోనే పెట్టేశాను. కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక్కరే వచ్చారా అని అడిగాడు, అవునన్నాను. సొంత తుపాకీ తెచ్చారా, లేదన్నాను. అయితే అద్దెకి ఇవ్వలేం సార్ అన్నాడు. ఎందుకని గట్టిగానే అడిగాను. అతను నా మొహం వైపు చూడకుండా, గొంతు తగ్గించి, "ఒంటరిగా వచ్చి అద్దెకి అడిగేవాళ్ళలో కొందరు తిరిగి ఇంటికి వెళ్ళడానికి రారండి" అన్నాడు. అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. సారీ చెప్పి బయటికొచ్చి, కారులో కూర్చుని స్టార్ట్ చేయకుండా కాసేపు అలాగే ఉండిపోయాను. చాలా రేంజ్‌లలో ఈ రూల్ ఉందట. తోడు ఒకరుండాలి, లేదా మన తుపాకీ మన దగ్గర ఉండాలి.

తోడెవరు? నా స్నేహితులందరూ మనవాళ్ళే, అందులో సగం మంది హెచ్-1బి. చాలామందికి తెలియని సంగతి ఇక్కడ చెప్పాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, రేంజ్‌లో ఫ్రెండ్‌ది కాసేపు చేతిలోకి తీసుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి, కానీ అవేవీ లేకుండానే వీకెండ్ సరదాగా వెళ్ళి కాల్చి ఫొటోలు పెట్టేసేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. నాకు తమ్ముడి లాంటి కుర్రాడొకడు ఉన్నాడు, వాడూ హెచ్-1బియే. "అన్నా, నేను అద్దం ఇవతల కూర్చుని చూస్తా, బయట బిర్యానీ నీ ఖాతాలో" అన్నాడు. కౌంటర్ దగ్గర ముందే అడిగాం, తోడుగా వస్తే చాలన్నారు.

అలా ఫిబ్రవరి 15న మొదటి ట్రయల్. లేన్‌కి 25 డాలర్లు, అద్దెకి 15, ఆ 15కే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అద్దె తుపాకుల్లో వాళ్ళ తూటాలే వాడాలి, అక్కడే అసలు వసూలు. .357 కన్నా మెత్తగా ఉండే .38 స్పెషల్ పెట్టె 32, .357 పెట్టె 46. రెండు .38, ఒక .357 తీసుకుంటే మొత్తం 150. మ్యాగ్నమ్ రివాల్వర్‌లో .38 కూడా వేసుకోవచ్చు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా అయ్యేది.

మొదట జీపీ100. చేతిలోకి తీసుకోగానే బరువు, కిలో పైన, బియ్యం తూచే రాయి పట్టుకున్నట్టుంది. ఇంత బరువు ఎత్తి గురి పెట్టగలనా అనుకున్నాను. .38 వేసి మొదటిది కాల్చాను. కళ్ళు మూసుకుని, అలవాటే కదా. కానీ దెబ్బ రాలేదు. వచ్చింది, అరచేతిలో ఎవరో నెమ్మదిగా తోసినట్టు, అంతే. నేను వెనక్కి తిరిగి అద్దంలోంచి తమ్ముడి వైపు చూశాను, వాడు రెండు చేతులూ పైకెత్తి ఏంటన్నట్టు అడిగాడు. వాడికెలా చెప్పను, రెండేళ్ళుగా నేను తప్పు వస్తువుతో కుస్తీ పడుతున్నానని?

తర్వాత ఆరు తూటాల 686. ఇది వింటే చిన్న విషయంలా ఉంటుంది కానీ, సిలిండర్ తెరిచే మీట ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. స్మిత్‌ది ముందుకి తోయాలి, రూగర్‌ది లోపలికి నొక్కాలి, కోల్ట్‌ది వెనక్కి లాగాలి. ఒకటి అలవాటై ఇంకోటి పట్టుకుంటే మనిషి కాసేపు పల్లెటూరివాడు లిఫ్ట్ ఎక్కినట్టు అయిపోతాడు. నేను అయ్యాను.

నాలుగో విడత లోడ్ చేసి మూసి ట్రిగ్గర్ లాగితే కదలదు. వెనకాల తూటాని కొట్టే హ్యామర్ కూడా పైకి రాదు. సిలిండర్ బిగుసుకుపోయింది. గుండె ఆగినంత పనైంది, అద్దెది పాడుచేశాను, ఇప్పుడు వెయ్యి డాలర్లు కట్టమంటారు, అదే ఆలోచన. మూతి టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తాను, రేంజ్ ఆఫీసర్ వచ్చాడు. మీట తోస్తూ నెమ్మదిగా తెరిచి, తూటాలు దులిపి, కాల్చాక మిగిలే ఖాళీ గుల్లల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క ఉంటుంది కదా, దాన్ని పైకి లేపి కింద చూపించాడు. బొంబాయి రవ్వ కన్నా సన్నగా, కాలని మందు పలుకులు నాలుగైదు. జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి రెండుసార్లు దులిపాడు. అయిపోయింది. అది నా తప్పే: ఖాళీ గుల్లలు తీసేటప్పుడు మూతి పైకి పెట్టి రాడ్‌ని గట్టిగా ఒక్క చరుపు చరచాలి, అప్పుడు చెత్త కూడా కిందికి రాలుతుంది. నేను తుపాకీని అడ్డంగా పట్టుకుని, ఇడ్లీ ప్లేట్లోంచి ఇడ్లీలు తీసినట్టు మెల్లగా నొక్కుతున్నాను. ఇప్పుడు నా సంచిలో కూడా ఒక పాత టూత్‌బ్రష్ ఉంది.

ఆ రోజు చివర్లో 686లో మ్యాగ్నమ్ ఆరు కాల్చాను. ఇండోర్‌లో అది పేలడం అంటే చెవులతో కాదు, ఛాతీతో వినడం. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని పైన మఫ్స్ కూడా పెట్టుకోండి, ఒక్కటి చాలదు. మూతి దగ్గర టపాకాయంత మంట కనిపించింది. చెయ్యి మాత్రం నొప్పి లేదు.

ఫిబ్రవరి 22న పైథాన్, ఎన్ ఫ్రేమ్. 118 అయింది. పైథాన్ గురించి ఏం చెప్పాలి, 1955లో పుట్టి, మధ్యలో ఆగిపోయి, 2020లో మళ్ళీ వచ్చింది. ట్రిగ్గర్ లాగుతుంటే వెన్నలో కత్తి దిగుతున్నట్టు ఉంటుంది. కానీ దుకాణంలో దాని ధర 1,500కి దగ్గర, నా బడ్జెట్ వెయ్యి. తిరిగి ఇచ్చేసేటప్పుడు మనసు చివుక్కుమంది, దాచను. ఎన్ ఫ్రేమ్‌తో కథ వేరు. బరువు మోయగలిగాను కానీ చూపుడు వేలు ట్రిగ్గర్ మీద సరిగ్గా చేరాలంటే పిడిని కాస్త పక్కకి తిప్పి పట్టుకోవాల్సి వస్తోంది. అలా పట్టుకుంటే దెబ్బ అరచేతి మధ్యకి కాక బొటనవేలి ఎముకకి తగులుతుంది, జనవరిలో నొప్పెట్టిన చోటే. పెద్దదంటే మెత్తన అని అప్పటికి ఒక సూత్రం తయారుచేసుకున్నాను, అది అక్కడ విరిగిపోయింది. వేలు అందాలి, అది మొదటిది. బరువు దాని తర్వాత.

ఇక జీపీ100కీ 686కీ మధ్య. రూగర్ పిడి రబ్బరు మెత్తగా ఉంది, దెబ్బ ఇంకా తక్కువ అనిపించింది. డబుల్ యాక్షన్‌లో, అంటే ముందు హ్యామర్ లాగి పెట్టకుండా ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాల్చేటప్పుడు, చివర్లో నా వేలికి ఒక మెట్టు తగిలినట్టు ఉండేది, అది నా వేలి సంగతి, పక్క లేన్‌లో ఒకాయన సరిగ్గా ఆ మెట్టు కోసమే అది వాడతానన్నాడు. నా టార్గెట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే 686 చిల్లులు ఒక జామపండంత చోట ఉన్నాయి, రెండోవి బత్తాయంత చోట. అక్కడితో తేలిపోయింది.

మార్చి 1న ఒక దుకాణానికి వెళ్ళాను. అద్దాల కింద సెకండ్ హ్యాండ్ రివాల్వర్ ఒకటి, 750కే, నల్లగా నిగనిగలాడుతూ. చూడొచ్చా అన్నాను. ఆయన సిలిండర్ తెరిచి, ఖాళీ అని నాకు చూపించి చేతికిచ్చాడు. నేను చూసి, లోపల అన్నీ తెలిసినవాడిలా, మణికట్టు ఒక్క విదుపు విదిలించి టక్కుమని సిలిండర్ మూసేశాను. మన సినిమాల్లో హీరోలందరూ అలాగే మూస్తారు కదా. దుకాణంలో ఉన్న నలుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఎదురుగా ఉన్నాయన మొహం చూడాలి, వాళ్ళ పసిబిడ్డని నేను కింద పడేసినట్టు. అలా విదిలిస్తే సిలిండర్‌ని పట్టి ఉంచే చెయ్యి వంగిపోతుందట, ఎడమ చేత్తో నెమ్మదిగా నొక్కి మూయాలి. చెవులు వేడెక్కిపోయాయి. అయినా పాపం ఆయన ఓపిగ్గా సెకండ్ హ్యాండ్‌ది ఎలా చూడాలో చెప్పాడు: సిలిండర్‌ని వేలితో తాకీ తాకనట్టు ఆపుతూ హ్యామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి, హ్యామర్ పూర్తిగా నిలబడే లోపే సిలిండర్ టక్కుమని బిగుసుకోవాలి, ఒక్కో గదికీ ఒక్కోసారి చూడాలి. ఐదు బాగానే బిగిశాయి. ఆరోది మాత్రం హ్యామర్ నిలబడ్డాక కూడా వెంట్రుకవాసి వెనకబడింది. ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, దాన్ని తిరిగి అద్దం కింద పెట్టేశాడు. ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

కొత్తది 686 ప్లస్, అంటే ఏడు తూటాలది, నాలుగంగుళాల బ్యారెల్, స్టాక్‌లో లేదు. మార్చి 15న 100 అడ్వాన్స్ కట్టి ఆర్డర్ పెట్టాను. 21న శుక్రవారం ఫోన్ వచ్చింది. 22న ఎగురుకుంటూ వెళ్ళాను. డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చాను, గ్రీన్ కార్డ్ ఇచ్చాను. "అడ్రస్ ఇదేనా?" అన్నాడు. నవంబర్‌లో ఇల్లు మారాం, లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంది. ఇప్పుడున్న అడ్రస్‌తో ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఏదైనా కావాలి, కరెంటు బిల్లు పనికిరాదు, కారు రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. అది ఇంట్లో ఫైల్లో ఉంది, ఇల్లు నలభై నిమిషాలు, దుకాణం మూయడానికి అరగంట. ఆది, సోమ వాళ్ళకి సెలవు, మిగతా వారమంతా నాకు ఆఫీసు. నాలుగు నెలలుగా మా ఆవిడ అడ్రస్ మార్చుకోండి, మార్చుకోండి అని చెబుతూనే ఉంది, అది వేరే సంగతి.

మార్చి 29. మళ్ళీ వెళ్ళాను. 4473 అనే ఫారం నింపాలి. పుట్టిన ఊరు, ఏ దేశ పౌరుడు, గ్రీన్ కార్డ్ మీద ఉండే ఏలియన్ నంబర్. నిజంగా మీ కోసమే కొంటున్నారా అని ఒక ప్రశ్న. గంజాయి గురించి ఒకటి, మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే ఫెడరల్ చట్టం ఒప్పుకోదని పక్కనే హెచ్చరిక. టెక్సస్‌లో వెయిటింగ్ పీరియడ్ లేదు, చిన్నది కొన్నప్పుడు పది నిమిషాల్లో అయిపోయింది, ఈసారీ అంతే అనుకుని తమ్ముడికి బిర్యానీ టైం కూడా చెప్పేశాను. ఆయన నా వివరాలు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపి, కంప్యూటర్ వైపు చూసి "డిలేడ్ అని వచ్చింది" అన్నాడు.

ఆ మాట వినగానే కడుపులో ఏదో జారింది. డిలే అంటే కాదని కాదు, ఎఫ్‌బీఐ వాళ్ళు ఇంకాస్త చూస్తారు, పేరు ఎవరితోనైనా కలిసినా అలా వస్తుంది అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నాకు వినపడలేదు. నాకు గుర్తొచ్చింది 2014లో చెన్నై కాన్సులేట్‌లో చేతిలో పెట్టిన, వీసా ఇప్పుడే ఇవ్వలేమని చెప్పే 221జి కాగితం, ఐదు వారాలు ఖమ్మంలో కూర్చుని ఉద్యోగం ఉంటుందో పోతుందో అని లెక్కలేసుకున్న రాత్రులు. పన్నెండేళ్ళు వీసాల మీద బతికినవాడికి ఒంట్లో ఒక భయం ఇంకిపోతుంది, గ్రీన్ కార్డ్ వచ్చినా పోదు. తప్పేం చేశాను? ఆ పాత స్పీడింగ్ టికెటా? డబ్బు కట్టానే? రాత్రంతా పాత కాగితాలు తిరగేశాను. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణం వాళ్ళు ఇష్టమైతే ఇవ్వొచ్చు అని చట్టంలో ఉందట, కానీ ఈయన మాత్రం జవాబు వస్తే గానీ ఇవ్వనన్నాడు. అదీ మంచిదే అనిపించింది, అప్పుడు కాదు, ఇప్పుడు.

మర్నాడే ఉగాది, విశ్వావసు నామ సంవత్సరం. పచ్చడి నోట్లో పెట్టుకుంటే నాకు వేపపువ్వు ఒక్కటే తగిలింది. పంచాంగంలో నా రాశికి వ్యయం ఎక్కువ ఉంది, అంతవరకు కరెక్టే.

ఏప్రిల్ 2, బుధవారం, మీటింగ్‌లో ఉండగా సాయంత్రం 4:40కి ఫోన్. ప్రొసీడ్, అంటే ఇవ్వొచ్చని జవాబు, వచ్చింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. 5న వెళ్ళి తెచ్చుకున్నాను. 899, పైన 8.25 శాతం టాక్స్, 973 అయింది.

6న ఆదివారం రేంజ్‌కి బయల్దేరబోతుంటే మా ఆవిడ గుమ్మంలో ఆపింది. శ్రీరామనవమి, గుళ్ళో కల్యాణం, ఇవ్వాళ తుపాకీ ముట్టుకుంటే ఊరుకోనంది. రాముడి చేతిలో విల్లు ఉంటుంది కదా అన్నాను. చూపుతోనే సమాధానం చెప్పింది. గుడికి వెళ్ళి పానకం తాగాను.

ఈలోగా ఇంట్లో ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పాత లాక్‌బాక్స్‌లో ఇది పట్టదు, మూత మూసుకోదు. ఇంట్లో ఎనిమిదేళ్ళ పాప ఉంది, ఒక్క రాత్రి కూడా బయట పెట్టే ప్రసక్తే లేదు, లోడ్ చేసి ఉంటే చట్టం కూడా ఒప్పుకోదు, అందుకే తెచ్చిన సాయంత్రమే పరిగెత్తి 140 పెట్టి పెద్దది కొని గోడకి బిగించాను. తూటాలన్నీ ఒకేసారి సిలిండర్‌లో వేసే పాత స్పీడ్‌లోడర్ ఐదు తూటాలది, పనికిరాదు. ఆరు తూటాల 686ది దొరుకుతుంది కానీ నాది ఏడు, దానికి వేరేది, రెండు కలిపి 30. తుపాకీ పెట్టుకునే ఒర, అదే హోల్‌స్టర్, 55. తూటాలు నాలుగు పెట్టెలు 130. ఫిబ్రవరి ట్రయల్స్, క్లాసు కలిపి 343. అన్నీ కూడితే 1,671. తుపాకీ ధర 899 అని ఎవరైనా అడిగితే చెబుతున్నాను, మా ఆవిడకి కూడా అంతవరకే చెప్పాను.

మధ్యలో పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన దగ్గర అడవిపందుల కోసం లైసెన్సుతో ఒంటిగొట్టం తుపాకీ ఉంది, చేను కాసేవాడు. ఎన్నికల కోడ్ రావడం ఆలస్యం, స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి, ఓట్లయ్యాక మళ్ళీ వెళ్ళాలి. నేను నాలుగు రోజులు ఆగినందుకు పడ్డ టెన్షన్ అంతా చెప్పుకుంటే ఆయన చాలాసేపు నవ్వాడు. "సరే గానీ, మీకక్కడ ఎలక్షన్లప్పుడు ఎక్కడ డిపాజిట్ చేస్తార్రా?" అన్నాడు. చేయక్కర్లేదు పెదనాన్నా అంటే నమ్మలేదు. ఇంకా నమ్మలేదనుకుంటా.

ఏప్రిల్ 12, శనివారం. పాపని ఫ్రెండ్ ఇంట్లో దింపి మా ఆవిడ కూడా వచ్చింది, ఆవిడదీ గ్రీన్ కార్డే. మొదటి ఏడు .38 వేసుకుని, ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టు కళ్ళు తెరిచి, గురి కోసం మూతి దగ్గరుండే ఫ్రంట్ సైట్ మాత్రమే చూస్తూ నెమ్మదిగా లాగాను. ఏడు గజాల దూరం. చిల్లులు ఏడూ ఒక టీకప్పు సాసర్‌తో కప్పేయొచ్చు. నాకు నేనే నమ్మలేక బటన్ నొక్కి టార్గెట్ దగ్గరికి తెప్పించుకుని లెక్కపెట్టాను. అలాగని ఇదో అద్భుతం అనుకోకండి, రెండో పెట్టెకొచ్చేసరికి చెయ్యి అలిసి మళ్ళీ కిందికి దిగడం మొదలైంది. కిలో పైన బరువు చాపి పట్టుకుంటే నొప్పి మణికట్టుకి కాదు, భుజానికి. ఇది ఎవరూ చెప్పలేదు. మ్యాగ్నమ్ పద్నాలుగు కాల్చాను, ఖాళీ గుల్లలు కాస్త బిగుసుకున్నాయి, రాడ్ మీద రెండో చరుపు వేయాల్సి వచ్చింది. ముందు .38 ఎక్కువ కాల్చి తర్వాత .357 వేస్తే అంతే: .38 గుల్ల ఎనిమిదో వంతు అంగుళం పొట్టి, అది ఆగే చోట గది లోపల మసి ఉంగరంలా పేరుకుంటుంది.

మా ఆవిడ .38 ఐదు కాల్చింది. నాలుగు మధ్యలో. తుపాకీ కింద పెట్టి, "దీనికేనా జనవరి నుంచి?" అంది.

ఇంటికొచ్చి చన్నీళ్ళతో చేతులు, మొహం కడుక్కుని, బట్టలు మార్చుకునే దాకా పాపని దగ్గరికి రానివ్వలేదు, సీసం దుమ్ము ఉంటుంది. అది నిద్రపోయాక రాత్రి తొమ్మిదిన్నరకి వంటింటి బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, సిలిండర్‌లో ఆ మసి ఉంగరాలు ఏడూ బ్రష్‌తో తోముతూ కూర్చున్నాను. అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది, అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిది. అమ్మకి ఈ సంగతి ఏదీ తెలియదు. ఫోన్‌ని డబ్బాకి ఆనించి నా మొహం మాత్రమే కనపడేలా పెట్టాను, కానీ చేతిలో నూనె బుడ్డి కనిపించేసింది.

"ఏంట్రా, కుట్టు మిషనా?"

ముప్ఫై ఏళ్ళు మిషను కుట్టి మమ్మల్ని చదివించిన మనిషి, నూనె బుడ్డి ముక్కు చూస్తే చాలు. ఆ లాంటిదే అమ్మా, ఏదో మిషను అన్నాను.

"ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే దుమ్మంతా దానికే పట్టి బిగుసుకుపోద్ది. పోశాక పాత పంచె గుడ్డతో తుడువు."

సరేనన్నాను. పాత పంచె ఇక్కడ ఎక్కడిది, చిరిగిన టీ షర్ట్ ముక్కతో తుడిచాను.